ఎనభై ఏడో మేకు

దయ్యాలను నేను నమ్మను. అవే ఉంటే నాలాంటి డిటెక్టివులకు కూడెక్కడిది? చచ్చినవాళ్ళే వచ్చి ఎవరు చంపారో చెప్పిపోతారు. ఆబిడ్స్‌లో ఈ మాట ఎంతమందితో అన్నానో లెక్కలేదు. అలాంటిది ఆ బుధవారం మధ్యాహ్నం, కరిగుట్ట విద్యానిధి ఆఫీసు ముందు నిలబడి తలుపు తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కింద పటాలు కట్టే దుకాణం వెంకటేశం ఒక్క కేక పెట్టాడు. ఆ మేడ మొత్తం ఆయనదే.

"తలుపు కొట్టకుండ్రి సాబ్! గా ఆఫీసుల ఎవ్వరు తలుపు కొట్టరు. పిలవాలె, అంతే."

"లోపల మనిషి నిన్ననే పోయె గదయ్యా."

"ఉన్నప్పుడే వద్దనెటోడు. ఇప్పుడైతే అసలే వద్దు."

ఆయనకేదో తెలిసినట్టుంది. కిందికి దిగి ఆయన దుకాణంలోనే కూర్చున్నాను.

కరిగుట్ట అనే ఊరు ఇప్పుడు లేదు. బొగ్గు గని, అక్కడివాళ్ళ మాటలో బొగ్గు బాయి, చుట్టూ పుట్టిన ఊరు అది. పదిహేడేళ్ళ కిందట ఒక పూట బాయిలోకి నీళ్ళు తెగి, లోపలున్నవాళ్ళు లోపలే ఉండిపోయారు. బాయి మూతపడింది, ఊరు తలోదిక్కూ చెదిరిపోయింది. ఆ ఊరివాళ్ళ పిల్లలు కాలేజీకి వెళితే ఫీజూ హాస్టలు ఖర్చూ ఇవ్వడానికి పెట్టిందే ఈ విద్యానిధి. అప్పట్లో బాయికి మేనేజరుగా చేసిన శ్యామ్‌సుందర్ దీనికి అధ్యక్షుడు. వచ్చిన పిల్లలు నిజంగా కరిగుట్టవాళ్ళేనా అని తేల్చే పని వామన్‌రావుది. ఆయన ఆ బాయి మీద, దిగేవాళ్ళకు దీపాలిచ్చే గది చూసుకున్న మనిషి, ప్రతి ఇల్లూ ఎరిగినవాడు.

ఆ వామన్‌రావు మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు వెనక ఇనుప మెట్ల కింద మెడ విరిగి దొరికాడు. స్కాలర్‌షిప్ అడగడానికి వచ్చిన మాబెల్ అనే పదిహేడేళ్ళ పిల్లను పోలీసు అమీన్ సదాశివరావు ఠాణాలో కూర్చోబెట్టాడు. ఆ పిల్ల తల్లి బెత్సీ, దవాఖానలో ఆయా, ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. శుక్రవారం లోపల చేరకపోతే కాలేజీలో సీటు పోతుంది. చేరడమైనా హత్యానేరం మీద పడకుండా బయటపడితేనే.

పొద్దున ఠాణాలో మాబెల్ నాకు చెప్పింది చాలా కొంచెం. తండ్రి జార్జి ఆ బాయిలోనే పోయాడట, ఆమె పుట్టకముందే. అమ్మ పెట్టె అడుగున ఆయన నంబరు బిళ్ళ దొరికింది. అమ్మకు చెప్పకుండా తీసుకొచ్చి వామన్‌రావు చేతిలో పెట్టింది. "ఆయన దాన్ని చూసి మాట పడిపోయినట్టయిండు సార్. జరసేపయినంక రేపు రా బిడ్డా అన్నడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. నాకు భయమయి ఏడ్చుకుంట దిగిన." ఇంతే.

"వెంకటేశం, ఆ పిల్ల దిగిపోవడం నువ్వు చూశావా?"

"చూడలేదు సాబ్."

"చూశావు."

వెంకటేశం చేతిలో ఉన్న పటాన్ని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. నాకు చిరాకెత్తింది.

"నువ్వు చెప్పకపోతే ఒక పిల్ల ఉరికంబం ఎక్కుతుంది. ఆ తర్వాత నీ మేడ ఎవరు కిరాయికి తీసుకుంటారో చూస్తాను. పిల్లను అన్యాయంగా చంపిన ఇల్లు అంటారు."

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. పటం పక్కన పెట్టేశాడు.

"కిరాయి కొరకే నోరు మూసుకున్న సాబ్, మీతోని అబద్ధమెందుకు. దయ్యం ఉందంటే ఎవడొస్తడు? పిల్ల ఏడ్చుకుంట దిగిపోయింది. దాని తర్వాత ముసలాయన దిగొచ్చిండు. మనిషి మొఖంల నెత్తురు లేదు. మా దుకాణంల రాజమల్లు ఉన్నడు గదా, వాన్ని పిలిచి చెప్పిండు. శ్యామ్‌సుందర్ సాబ్ బంగ్లాకు పో, 'ఎనభై ఏడు పైకొచ్చిండు' అని చెప్పిరా, ఇంకేం చెప్పద్దు అన్నడు."

"ఎనభై ఏడు పైకొచ్చిండు? అంటే ఏమిటి?"

"నాకేం ఎరుక. రాజమల్లు పోయి చెప్పొచ్చిండు. తిండి యాళ్ళ దాటినంక ఎనకకెల్లి సప్పుడొచ్చింది. మెట్ల ఇనుము మీద. ఠంగ్ ఠంగ్ ఠంగ్. జర ఆగి మళ్ళ మూడు. మళ్ళ మూడు. పైన ముసలాయన కుర్చీ పడ్డది, ఒక్క మొత్తుకోలు మొత్తుకున్నడు. 'వస్తున్న వస్తున్న' అనుకుంట ఎనక తలుపు దిక్కు ఉరికిండు. ఆ తర్వాత దబ్బున పడ్డ సప్పుడు. నేను దుకాణం బంద్ చేసి సుల్తాన్ బజార్ దాంక ఆగకుంట పోయిన."

"వెనక్కి వెళ్ళి చూడలేదా?"

"మీరైతే చూసెటోళ్ళా?"

ఆ మాట దాటేశాను. వామన్‌రావు తలుపు ఎందుకు తట్టనిచ్చేవాడు కాదని అడిగాను. ఎవడో తెలియక ఒకసారి మూడుసార్లు తట్టాడట. వామన్‌రావు బల్ల కిందికి దూరి చెవులు మూసుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడట. అప్పటినుంచీ అందరూ పిలవడమే.

ఈసారి నేను పైకి వెళ్ళి, లోపల కూర్చున్న అమీన్‌ను "సదాశివా" అని పిలిచాను.

అమీన్ సదాశివరావూ నేనూ చాదర్‌ఘాట్ స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. అప్పుడు ఆ బెంచీలో ఎవరి జాగా ఎంత అని కొట్టుకున్నాం. ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం, బెంచీ లేదంతే.

"వచ్చినవా? ఫీజు దొరికిందంటే శవం వాసన గూడ అత్తరే నీకు," అన్నాడు కుర్చీలోంచి లేవకుండా. "కేసు అయిపోయింది ప్రహ్లాద్. ఇంటికి పో."

"అయిపోతే ఇంకా ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"పంకా గాలి మంచిగున్నది."

ఆ గదిలో అడుగుపెట్టగానే నాకు ఒళ్ళు చల్లబడింది. పంకా వల్ల మాత్రం కాదు. ఎదురుగోడ పొడవునా ఒక చెక్క పలక ఉంది. కరిగుట్ట దీపాల గదిలోంచి ఊడదీసి తెచ్చిందట. దాని నిండా మేకులు, ప్రతి మేకు కింద తెల్లరంగుతో ఒక నంబరు, ప్రతి మేకుకూ రూపాయంత ఇత్తడి బిళ్ళ. ఆ రోజు బాయి మింగేసినవాళ్ళ బిళ్ళలవి, బతికినవాళ్ళ మేకులు పీకేశారట. స్కాలర్‌షిప్ కోసం వచ్చిన ప్రతి పిల్లా, పిల్లవాడూ ముందు తండ్రి బిళ్ళనో తాత బిళ్ళనో ముట్టుకుని, తర్వాతే సంతకం పెట్టాలి. వామన్‌రావు పెట్టిన ఆనవాయితీ అది. పంకా గాలికి బిళ్ళలు కదిలి ఒకదానికొకటి తగులుతున్నాయి. అంతమంది ఒకే గదిలో నిలబడి మనకేసి చూస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. పంకా ఆపేశాను.

ఎనభై ఏడో మేకు మాత్రం ఖాళీగా ఉంది.

"చూసినవు గదా," అన్నాడు సదాశివ. "పిల్ల కరిగుట్టదో కాదో దేవునికెరుక. గీ మేకుకున్న బిళ్ళ ఊడబీకి, మా నాయనదని చూపెట్టింది. ముసలాయన పట్టుకున్నడు. గుంజులాటల మెట్ల మీదికెల్లి తోసింది. బిళ్ళ ముసలాయన పిడికిట్ల దొరికింది. ఇంకేం గావాలె?"

పలక కింద చిన్న అరమీద బాయిలో వాడే ఇత్తడి దీపం ఒకటి ఉంది. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండాలని వామన్‌రావు పట్టుదలట. ఇప్పుడు మాత్రం ఆరిపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఆ పొగకు పలక నల్లబడింది. పక్కనున్న ఎనభై ఆరో బిళ్ళను వేలితో జరిపాను. దాని వెనక చెక్క బిళ్ళంత మేర తెల్లగా ఉంది. ఎనభై ఎనిమిది జరిపాను. అదీ అంతే.

"సదాశివా, జర ఎనభై ఏడు దగ్గర వేలు పెట్టి చూడు."

పెట్టాడు. వేలు నల్లగా వచ్చింది.

"అయితే?"

"నిన్నటిదాకా అక్కడ బిళ్ళ వేలాడి ఉంటే వెనక తెల్లటి మచ్చ ఉండాలి గదా? మసి అంతా ఒక్కతీరుగా పట్టింది. ఈ గోడ మీదికి వచ్చిన తర్వాత ఆ మేకుకు బిళ్ళ ఉన్నదే లేదు. లేని బిళ్ళను పిల్ల ఎట్లా దొంగిలిస్తుంది?"

సదాశివ పలకనూ వేలునూ మార్చిమార్చి చూశాడు. తర్వాత ఆ వేలు నా కోటుకు తుడిచాడు. ఓడిపోయినప్పుడు వాడి అలవాటది, చిన్నప్పుడు సిరా తుడిచేవాడు.

"సరే, ఇంకోటి. ఈ దీపం ఎవరు ఆర్పారు?"

"నూనె అయిపోయి ఉంటది."

దీపం ఊపి చూపించాను. లోపల నూనె గలగలమంది. అడుగు మర తిప్పి, వత్తి పైకి లాగి వెలిగించి, మళ్ళీ బిగించి వాడి చేతిలో పెట్టాను.

"ఆర్పు."

సదాశివ బుగ్గలు పూరించి ఊదాడు. దీపం కదల్లేదు. అద్దం, దాని మీద ఇనుప జల్లెడ, గాలి లోపలికి పోదు. మళ్ళీ ఊదాడు. మీసాలు కదిలాయి గానీ మంట కదల్లేదు. నవ్వితే నన్ను కూడా లోపలేస్తాడని నవ్వు ఆపుకున్నాను.

"దీని అడుగున సన్నటి తీగ ఒకటుంది. దాన్ని లాగితే వత్తి గొట్టంలోకి దిగి ఆరిపోతుంది. నాకే అది దొరకడానికి ఇంతసేపు పట్టింది. నిన్న దీన్ని ఆర్పినవాడికి ఆ తీగ సంగతి ముందే తెలుసు. మాబెల్ పుట్టేసరికి ఆ బాయే మూతపడింది. ఆ పిల్లకు ఎట్లా తెలుస్తుంది?"

తర్వాత వెంకటేశాన్ని పైకి పిలిచి, పిల్ల దిగిపోయాక ముసలాయన బతికే తిరిగిన సంగతి సదాశివ ముందే చెప్పించాను. మెట్ల మీద మోత సంగతి కూడా చెప్పించాను. రాజమల్లుతో పంపిన కబురు మాత్రం చెప్పొద్దని ముందే కనుసైగ చేశాను. ఎనభై ఏడు పైకొచ్చాడంటే ఏమిటో ముందు నేను తేల్చుకోవాలి. అన్నీ సదాశివ పళ్ళెంలో వడ్డిస్తే నాకేం మిగులుతుంది?

సదాశివ మీసం నములుతూ అన్నాడు.

"ఇడిసిపెడ్త. గానీ ఉత్తగ కాదు. పేరున్నోడు ఎవడన్న జమానత్ ఉండాలె. నీ జమానత్ చెల్లదు, నీకు పేరు లేదు."

"పూచీ ఎవరున్నా పరవాలేదు, సాయంత్రానికల్లా పిల్ల బయట ఉండాలి."

"ఉంటది పో."

గెలిచానన్న సంతోషంతో నాంపల్లి దాకా నడిచే వచ్చాను.

నా గది నాంపల్లి స్టేషనుకు ఎదురుగా ఉంది. బెత్సీ కిటికీ దగ్గర నిలబడి, బండి దిగి బయటికి వస్తున్న జనం మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. నేను వచ్చింది కూడా గమనించలేదు.

"నీ బిడ్డ సాయంత్రం ఇంటికొస్తుందమ్మా," అన్నాను.

చేతులు జోడించి గోడకు ఆనుకుంది. అప్పుడు అసలు సంగతి ఎత్తాను.

"ఆఫీసులో చనిపోయినవాళ్ళ బిళ్ళలన్నీ పలకకే ఉన్నాయి. నీ భర్త బిళ్ళ ఒక్కటే నీ పెట్టెలో ఎందుకుంది?"

ఆమె మొహం మారిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది అడగకుండ్రి అయ్యా."

"అడగక తప్పదు."

"బిళ్ళ ఇచ్చి దీపం తీస్కోవాలె, అప్పుడు బాయిల దిగాలె. పైకొచ్చినంక దీపం ఇచ్చి బిళ్ళ తీస్కోవాలె. దొరైనా కూలైనా గదే కట్టు. పలకకు బిళ్ళ ఉన్నదంటే మనిషి లోపలున్నట్టు. బిళ్ళ ఇంట్ల ఉన్నదంటే..." ఆగిపోయింది.

"మనిషి పైకొచ్చినట్టు."

"ఔ."

వామన్‌రావు పంపిన కబురు గుర్తొచ్చింది. ఎనభై ఏడు పైకొచ్చిండు.

"నేను కాన్పుకని మెదక్ల మా అమ్మగారింటికి పోయిన. కబురు తెలిసి నిండు చూలాలిని ఉరికొచ్చిన. తలుపు దగ్గరికేసి ఉన్నది. గోడకు రోజు పెట్టే మేకుకే బిళ్ళ ఉన్నది అయ్యా. అప్పుడు తెలిసింది నాకు. మనిషి సావలేదు, పైకొచ్చిండు. పైకొచ్చి, ఇదే అదనని నన్ను ఇడిసిపెట్టి పోయిండు. వామన్‌రావు సచ్చినోళ్ళ పేర్లల్ల జార్జి పేరు సదివిండు. నేను కాదనలేదు. ఏమని అంటనయ్యా? ఊర్ల ఆడోళ్ళంత ఏడుస్తుంటే నేను గూడ ఏడ్చిన. వాళ్ళ ఏడుపు వేరు, నా ఏడుపు వేరు. పిల్లకు సచ్చిపోయిండనే చెప్పిన. అప్పటికెల్లి ఏ బండి దిగిన జనాన్ని చూసినా ఆయన మొఖం కొరకే చూస్త. కనపడితే ఒక్కటే అడుగుత. నేనేం తప్పు చేసిన అని."

నేను డిటెక్టివుననే సంగతి కాసేపు మరిచిపోయాను. పదిహేడేళ్ళు ఒక మనిషి బతికున్నవాడి దయ్యాన్ని మోసుకుంటూ తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ రోజు ఇంట్లో ఇంకేం చూశావు? అంతా చెప్పు. చర్చికి తొడుక్కునే అంగి?"

"కొయ్యకే ఉండె."

"బైబిలు?"

"గూట్లనే ఉండె."

"అన్నం?"

"కంచంల సగం ఉండె. చెయ్యి గడిగినట్టు లేదు. నీళ్ళ చెంబు నిండుగనే ఉండె."

"బెత్సమ్మా, భార్యను విడిచి పారిపోయేవాడు మంచి అంగి వదిలి, బొగ్గు బట్టలతో, ఎంగిలి చేత్తో పోతాడా?"

ఆమె నావైపు చూసింది. ఎన్నడూ అలా ఆలోచించినట్టు లేదు. బాధ మొదట ఆమెకు ఒక్క వైపే చూపించింది, ఆమె ఆ ఒక్క వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకొకటి అడుగుతాను. ఇనుము మీద మూడుసార్లు కొడితే మీ ఊళ్ళో ఏమని అర్థం?"

"గది చిన్నపిల్లలకు గూడ ఎరుకే. కింద ఉన్నోళ్ళు మూడు కొడితే మనుషులం ఎక్కుతున్నం, పైకి గుంజుండ్రి అన్నట్టు."

నేను కూర్చున్నచోటే కళ్ళు మూసుకున్నాను. బల్ల కింద చెవులు మూసుకుని ఏడుస్తున్న వామన్‌రావు కనిపించాడు. నీళ్ళు తెగిన రోజు కిందినుంచి మూడు దెబ్బలు వచ్చాయి. మళ్ళీ మళ్ళీ వచ్చాయి. పైన ఎవరూ గుంజలేదు. కిందినుంచి ఏ సంకేతమూ రాలేదని ప్రమాదం మీద జరిగిన విచారణలో బాయివాళ్ళు చెప్పినట్టు అప్పట్లో పేపర్లో చదివాను.

"జార్జి పని దిగి, బిళ్ళ తీసుకుని ఇంటికొచ్చాడు. అన్నం తింటుంటే బాయి ప్రమాదపు కూత వినిపించింది. కంచం ముందునుంచి లేచి పరుగెత్తాడు. తోటివాళ్ళను పైకి తీయించడానికి. బాయి మూతి దగ్గర ఏం చూశాడో, ఏమని అరిచాడో నాకింకా తెలియదు. వాళ్ళను ఎందుకు గుంజలేదో కూడా తెలియదు. ఆయన అక్కణ్ణించి తిరిగి రాలేదని మాత్రం తెలుసు. తన చేత్తో బిళ్ళ తిరిగిచ్చిన మనిషి పేరును వామన్‌రావు చచ్చినవాళ్ళలో చదివాడంటే, ఎవరో చదవమన్నారు. నిన్న ఆ బిళ్ళ కళ్ళముందుకొచ్చేసరికి ఇక దాచలేకపోయాడు." నేను ఆమె వైపు వంగాను. "నీ భర్త నిన్ను విడిచిపెట్టి పోలేదమ్మా."

బెత్సీ నేలమీద కూలబడింది. అరవలేదు. "సగం అన్నం తిని పోయిండు," అంది. మళ్ళీ అదే మాట అంది. "ఆకలి తీరకుండనే పోయిండు. నేను ఇన్నేండ్లు తిట్టుకున్న." అప్పుడు ఏడ్చింది. ఇది మూడో రకం ఏడుపు, ఇన్నాళ్ళూ ఏడవాల్సింది ఇదే.

నేను నీళ్ళు తేవడానికి లేచాను. మూడుసార్లు ఎవరో నా తలుపు తట్టారు.

ఇద్దరం కదల్లేదు. మళ్ళీ మూడు. బెత్సీ నా చెయ్యి పట్టుకుంది. నేను వెళ్ళి గడియ తీశాను.

సదాశివ. చేతిలో మిఠాయి పొట్లం.

"గట్ల చూస్తవేంది? తీస్కో. నీ మాట మీద పిల్లను ఇడిసిన," అన్నాడు హుషారుగా. "జమానత్ ఎవరున్నరో చెప్పు చూద్దాం. శ్యామ్‌సుందర్ సాబ్! నువ్వెవర్నో తెచ్చేలోపల ఆయనే ఠాణాకు వచ్చిండు. మా నిధి పిల్ల, మేము చూసుకుంటం అన్నడు. గంత పెద్దమనిషి!"

"మాబెల్ ఎక్కడ?"

"మోటర్ల ఎక్కించుకొని పోయిండు. పిల్ల వాళ్ళ నాయన ఊరు ఎన్నడు చూడలేదట గదా. స్కాలర్‌షిప్ మీద సంతకం పెట్టే ముంగట ఒక్కసారి కరిగుట్ట చూపిస్తనన్నడు. పిల్ల సంబురంగ ఎక్కింది."

పోతూ పోతూ అలవాటు కొద్దీ దీపం అడుగు తీగ లాగిన చెయ్యి ఎవరిదో అప్పుడు తెలిసింది. రోజూ బాయిలో దిగి ఎక్కిన మేనేజరు చెయ్యి. మూడు దెబ్బలు కొడితే వామన్‌రావు ఎటు పరుగెత్తుతాడో తెలిసిన మనిషి ఇంకొకడు లేడు. జార్జి పేరు చచ్చినవాళ్ళలో చదవమన్నదీ ఆయనే అయి ఉండాలి.

"సదాశివా, నిన్న చచ్చేముందు వామన్‌రావు శ్యామ్‌సుందర్‌కు కబురు పంపాడు. ఎనభై ఏడు పైకొచ్చాడని. బిళ్ళ ఆ పిల్ల తెచ్చిందని నీ కేసుతో ఆయనకు తెలిసిపోయింది."

మిఠాయి పొట్లం వాడి చేతిలో నలిగిపోయింది.

"గీ మాట నాకు మధ్యాహ్నం ఎందుకు చెప్పలేదు ప్రహ్లాద్?"

వాడు మోటారు కోసం మెట్లమీంచి రెండేసి మెట్లు దూకుతూ దిగుతున్నాడు. నేను టోపీ అందుకుని వెనక్కి తిరిగాను. బెత్సీ అప్పటికే లేచి నిలబడి కొంగు నడుముకు బిగించుకుంటోంది. కళ్ళలో తడి ఆరిపోయింది.

"జల్ది నడువుండ్రి అయ్యా," అంది. "ఊరు పోయింది గానీ, ఆ బాయి ఇంకా పూడ్వలేదు."